మేకుల వరుస

నా చిన్నప్పుడు నాకు భయమంటే ఏమిటో తెలియదని మా వాడకట్టులో ఒక పేరుండేది. ఆ పేరు నాకు నేనే తెచ్చుకున్నాను. పాము కుబుసాన్ని కట్టెకు చుట్టి తోటి పిల్లల మీదికి తీసుకెళ్లేదాన్ని. చింతచెట్టు చివరి కొమ్మ దాకా ఎక్కి, అక్కడి నుంచి కింద ఉన్నవాళ్లను పేరుపేరునా పిలిచేదాన్ని. ఆ కొమ్మ మీద నా గుండె ఎంతలా కొట్టుకునేదో నాకొక్కదానికే తెలుసు. కానీ పదేళ్ల పిల్లకు ఒకసారి ధైర్యవంతురాలని పేరొచ్చాక ఇక వెనక్కి తగ్గడానికి ఉండదు. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, నేను ఇంకో కొమ్మ ఎక్కాల్సిందే.

అప్పుడు మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం. మా బాపు రైసు మిల్లులో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. పక్కింట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. పొద్దున వంటలయ్యాక అవ్వా, అమ్మా మా అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని, సాయంత్రం దాకా బీడీలు చుట్టేవారు. అవ్వ బక్కపలచని మనిషి. మాట తక్కువ. నడిచినా చప్పుడయ్యేది కాదు. ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో తెలియక అమ్మ ఎన్నిసార్లు ఉలిక్కిపడిందో.

మా బాపు స్నేహితుడొకాయన కామారెడ్డిలో ఫోటో స్టూడియో నడిపేవాడు. ఆయన్ని మేము ఫోటో మామ అనేవాళ్లం. ఆయన కూతురూ నేనూ ఒక ఈడు వాళ్లం. ఒకసారి మామ కొత్త కెమెరా కొన్నాడు. పెళ్లిళ్ల ఫోటోలు కాకుండా, పెద్ద కట్టడమేదైనా తీయాలని ఆయనకు కోరిక. లింగంపేట దాటాక రోడ్డుకు దూరంగా ఒక ఊళ్లో పాత గడి ఉందని, దొరలు ఎప్పుడో వదిలేసి పట్నం వెళ్లిపోయారని ఎవరో చెప్పారు. ఇంకేముంది, ఆదివారం రెండు కుటుంబాలూ అక్కడికే వనభోజనానికి వెళ్దామనుకున్నారు. వాళ్లు కామారెడ్డి నుంచి, మేము ఎల్లారెడ్డి నుంచి వచ్చి లింగంపేటలో కలుసుకోవాలి.

అమ్మ అవ్వను కూడా రమ్మంది. అవ్వ మొదట రానంది. ఊరి పేరు విన్నాక చుడుతున్న బీడీని చాటలో పెట్టేసింది.

"అది మా తల్లిగారి ఊరే బిడ్డా. సూడక ఏండ్లయింది," అంది చివరికి. "వస్త తియ్యి."

దసరా ఇంకా పది రోజులుందనగా వెళ్లాం. వానలు వెనకపట్టాయి. మక్కచేలు కంకులు పట్టి ఉన్నాయి. బస్సు దిగి చేల గట్ల మీదుగా చాలా దూరం నడిచాం. అమ్మ తల మీద మక్కగారెల గిన్నె, బాపు భుజాన జంపఖానా, మామ మెడలో కెమెరా. మా తమ్ముడు అందరికన్నా ముందు పరుగెడుతున్నాడు. ఊరి మొదట్లో నేను ఒకటి గమనించాను. అంతదాకా చెప్పులేసుకుని నడిచిన అవ్వ వంగి వాటిని విడిచి చేతిలో పట్టుకుంది. కింద నేల కాలుతోంది, పల్లేరు ముళ్లున్నాయి. అయినా ఉత్త కాళ్లతోనే నడిచింది. నేను అడగలేదు. ముసలివాళ్లు ఏవేవో చేస్తారులే అనుకున్నాను.

గడి చూడగానే నాకు నచ్చలేదు. ఎత్తైన గోడ, దాని మధ్యలో ఏనుగు పట్టేంత దర్వాజా. తలుపులు ఎవరో ఊడబీక్కుపోయారు. లోపల పెద్ద వాకిలి నిండా మోకాలెత్తు గడ్డి. ఆ వాకిలికి అటువైపు రెండంతస్తుల భవంతి, పైన ఒక వరుస కిటికీలు. ఒక్క కిటికీకి కూడా రెక్క లేదు. కళ్లు పీకేసిన ముఖంలా ఉంది. మధ్యాహ్నం ఎండలో కూడా లోపల నుంచి చల్లటి గాలి, గబ్బిలాల కంపు వస్తున్నాయి. ఫోటో మామ కూతురు నా చేయి గట్టిగా పట్టుకుంది. నాకూ ఎవరి చేయైనా పట్టుకోవాలనిపించింది కానీ, ఆమె చేయి విదిలించి నవ్వాను.

అవ్వ దర్వాజా దగ్గరే ఆగిపోయింది. బయట ఒక రాతి మీద కూర్చుని, మోకాళ్లు నొస్తున్నాయంది.

"మీరు సూసి రాండ్రి. నేను ఈడనే కూసుంట."

ఆమె ముఖం నిండా చెమట పట్టి ఉంది. నడిచి అలసిపోయిందని అమ్మ అనుకుంది.

లోపల కింది సాలు, అంటే కింది పెద్ద హాలు మాత్రం చూశాం. బండలు పరిచిన నేల, సున్నం రాలిన గోడలు, తల ఎత్తితే నల్లటి దూలాలు, వాటి మీద పరిచిన చెక్కలు. ఆ చెక్కలే పై అంతస్తుకు నేల. అక్కడక్కడ చెక్కల సందుల్లోంచి వెలుతురు గీతల్లా దిగుతోంది. బాపు ఒకసారి పైకి చూసి, "పైకి ఎవ్వలు ఎక్కద్దు. చెక్క పాడయింది," అన్నాడు. అందరం సరేనన్నాం. నేనూ అన్నాను.

అందరూ వాకిట్లోకి వచ్చాక మామ దూరంగా వెళ్లి కెమెరా సరిచేసుకోసాగాడు. గడి మొత్తం పడేలా ఒక ఫోటో తీస్తానన్నాడు. అప్పుడు పుట్టింది నాకా బుద్ధి. పైన ఆ నడిమి కిటికీలో నిలబడితే, ఫోటోలో నేనొక్కదాన్నే దొరసానిలా కనిపిస్తాను కదా! ఫోటో మామ కూతురి చెవిలో చెప్పి ఆమెను లాక్కుని వెళ్లాను. సాలు మూలన గోడలోనే కట్టిన ఇరుకు మెట్లున్నాయి. మూడో మెట్టు దగ్గర ఆమె ఆగిపోయింది.

"నేను రాను. నాకు భయమైతుంది," అంది.

"పిరికిదానా," అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ చీకటి మెట్ల మీద నాకూ భయంగానే ఉంది. ఆమె వెనక్కి వెళ్లిపోతే నేనొక్కదాన్నే పైకి వెళ్లాలన్న బాధతో ఆ మాట అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను పైకెక్కాను.

పైన తలుపు లేని గుమ్మం. దాని అవతల పొడవాటి గది. నేల మీద బెత్తెడు మందాన దుమ్ము, పావురాల రెట్టలు. ఎదురుగా గది ఆ చివర కిటికీలోంచి వెలుగు పడుతోంది. ఒక్కో అడుగూ వేస్తుంటే కింద చెక్కలు కిర్రుమంటున్నాయి. ఆగి వెనక్కి వెళ్దామనుకున్నాను. కిటికీలోంచి మామ గొంతు వినిపించింది, "అందరు ఇటు సూడుండ్రి" అంటున్నాడు. పరుగెత్తాను.

గది నడుమ దాకా వెళ్లానేమో, కుడికాలి కింద నేల లేకుండా పోయింది.

విరిగిన చప్పుడు ముందు విన్నానో, పడటం ముందు జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. తెలివి వచ్చేసరికి నా కుడికాలు తొడ దాకా చెక్కల్లో దిగబడి ఉంది. ఆ కాలు గాలిలో వేలాడుతోంది. కింద ఎక్కడో చాలా లోతున చెక్కముక్క బండల మీద పడి పగిలిన చప్పుడైంది. ఆ చప్పుడు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి నేనెంత ఎత్తులో ఉన్నానో నాకు అర్థమైంది. అరుద్దామంటే నోరు పెగల్లేదు. ఊపిరి పీలిస్తే మిగతా చెక్క కూడా విరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టాను.

నా బదులు కింద నుంచి ఫోటో మామ కూతురు అరిచింది. ఆమె మెట్ల దగ్గరే నిలబడి ఉందట. నన్ను వదిలి వెళ్లలేదు.

తర్వాత అన్నీ కేకలే. సాలులోకి అందరూ పరుగెత్తుకొచ్చారు. పైకప్పులోంచి వేలాడుతున్న నా కాలు చూసి అమ్మ పెట్టిన కేక గడి అంతా మార్మోగింది. అమ్మా, ఫోటో మామ భార్య అత్తా జంపఖానా విప్పి నా కాలి కింద పట్టుకుని నిలబడ్డారు. మామ తాడు కోసం, నిచ్చెన కోసం ఊళ్లోకి పరుగెత్తాడు. బాపు మెట్లన్నీ ఎక్కి గుమ్మంలోకి వచ్చాడు. ఒక్క అడుగు లోపల పెట్టగానే చెక్క కిందికి వంగింది, నా పక్కన ఇంకో ముక్క విరిగి కింద పడింది. బాపు చటుక్కున వెనక్కి జరిగాడు.

"భయపడకు బిడ్డా! ఏం గాదు! భయపడకు! కదలకు!" అని అరుస్తున్నాడు.

కింద నుంచి అమ్మ కూడా అదే మాట. భయపడకు, భయపడకు. కానీ బాపు పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా బాపు భయపడటం నేను మొదటిసారి చూశాను. భయపడకు అని ఆయన అన్న ప్రతిసారీ నా భయం ఇంకాస్త పెరిగింది. భయపడటం తప్పయితే, ఆ తప్పు నేను ఒళ్లంతా చేస్తున్నాను. దాన్ని ఎవరికీ తెలియకుండా దాచడానికే నా బలమంతా పోతోంది.

అలా ఎంతసేపు గడిచిందో. గుమ్మంలో బాపు పక్కన అవ్వ కనిపించింది. ఎప్పటిలాగే ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

"నువ్వు కొంచెం అటు జరుగు కొడుకా," అంది బాపుతో. "నువ్వు బరువుంటవు."

బాపు మెట్ల మీదికి జరిగాడు. అవ్వ గుమ్మంలో గొంతుక్కూర్చుంది. నాకేసి చూసి గుసగుసగా మాట్లాడింది. అంత కేకల మధ్య ఆమె గుసగుస నాకు స్పష్టంగా వినిపించడం ఒక వింత. గట్టిగా మాట్లాడితే నేల కూలుతుందేమో, అందుకే అలా మాట్లాడుతోందనుకున్నాను.

"భయమైతుందా బిడ్డా?"

అప్పుడు కూడా నేను లేదన్నట్టు తల ఊపాను.

"నాకైతుంది," అంది అవ్వ. "నా చేతులు సూడు."

చూశాను. మోకాళ్ల మీద పెట్టుకున్న ఆమె చేతులు రెండూ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. అది చూడగానే నాలో ఏదో తెగింది. పెద్దగా ఏడ్చాను. ఆ గదిలోకి వచ్చాక నా నోటి నుంచి వచ్చిన మొదటి శబ్దం అదే.

"ఏడువు. ఏడ్చుకుంటనే నేను జెప్పింది జెయ్యి. నీ ఎడమ దిక్కు దుమ్ము తుడువు. మెల్లగ. మేకుల తలకాయలు కనవడుతయి."

చేయి చాపి దుమ్ము తుడిచాను. చెక్క తప్ప ఏమీ లేదు.

"ఇంకొంచెం అవుతలికి."

ఇంకొంచెం చాపి తుడిచాను. వేలికి గరుకుగా తగిలింది. తుప్పు పట్టిన పెద్ద మేకు తల. దాని పక్కనే ఇంకొకటి.

"దొరికినయి," అన్నాను ఎక్కిళ్ల మధ్య.

"ఆ, గవే. మేకులు కొట్టినకాడ కింద దూలముంటది. చెక్క ఇరుగుతది గని దూలం ఇరగదు. నీ పొట్ట ఆ మేకుల మీదికి తెచ్చుకో. పండుకున్నట్టు పండుకో. తర్వాత కాలు గుంజుకో."

చెక్క అంచులు తొడ మీద చర్మాన్ని చీరుస్తుంటే, మేకుల వరుస మీద బోర్లా పడుకుని, ఇంచు ఇంచుగా కాలు పైకి లాక్కున్నాను. కింద నా కాలు మాయమవడం చూసి అమ్మ మళ్లీ కేక పెట్టింది. నా పొట్ట కింద నేల గట్టిగా ఉంది. దూలం ఉన్నట్టు నా పొట్టకు తెలిసింది. అంతకుముందు నాకు తెలియని ఒక గట్టిదనం అది.

"గా వరుస గోడ దాక పోతది. గోడ పొంటి నేల గట్టిగుంటది. దుమ్ము తుడుసుకుంట, మేకులు సూసుకుంట రా. నన్ను సూడకు, మేకును సూడు."

తుడవడం, మేకు చూడటం, జానెడు పాకడం. మళ్లీ తుడవడం. దుమ్ము కళ్లలో పడుతోంది, ముక్కులో పోతోంది. అయినా ఆ పని ఉన్నంతసేపు లోతు గుర్తు రాలేదు. సగం దూరం వచ్చాననుకుంటాను. ఒక్కసారిగా మూలనున్న పావురాలన్నీ లేచాయి. నా తల మీదుగా రెక్కలు కొట్టుకుంటూ కిటికీలోంచి వెళ్లిపోయాయి. నేను తల దించుకుని దూలాన్ని వాటేసుకున్నట్టు చెక్కకు అతుక్కుపోయాను. ఇక కదల్లేకపోయాను. అవ్వ పిలిచింది, బాపు పిలిచాడు. వినిపిస్తోంది కానీ నా చేతులు నా మాట వినడం లేదు.

కాసేపటికి నా ముఖం పక్కన ఒక పాదం కనిపించింది. పగుళ్లు బారిన, ఎండిన పాదం. అవ్వ గోడ పొంటి నడిచి, అక్కడి నుంచి మేకుల వరుస మీదుగా నా దగ్గరికి వచ్చేసింది. పాకుతూ కాదు, నిలబడి, నడుము మీద బిందె ఉన్నట్టు ఒక పక్కకు ఒరిగి, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ. ఒక్క చెక్క కూడా కిర్రుమనలేదు. నా ముందు మెల్లగా కూర్చుని తన చేయి నా చేతి మీద పెట్టింది. ఆ అరచేయి చెమటతో తడిసిపోయి ఉంది. ఇద్దరి చేతులూ కలిసి వణికాయి.

"పద," అంది గుసగుసగా. "నేను ఎన్కకు జరుగుత. నువ్వు ముంగటికి రా. ఇద్దరం పోదం."

ఆమె వెనక్కి ఒక జానెడు, నేను ముందుకు ఒక జానెడు. గోడ నా భుజానికి తగిలినప్పుడు ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. గోడ వెంట గుమ్మం దాకా వచ్చాం. బాపు నన్ను ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. ఆయన గుండె చింతకొమ్మ మీద నా గుండె కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది. వెనక్కి చూస్తే అవ్వ పై మెట్టు మీద కూలబడి ఉంది. లేవలేకపోయింది. ఆమెను కూడా బాపే ఎత్తుకుని కిందికి దించాల్సి వచ్చింది.

మామ నిచ్చెనతో, ఊరివాళ్లతో వచ్చేసరికి మేమంతా గోడ బయట, ఎండలో కూర్చుని ఉన్నాం. అమ్మ నా తొడకు పసుపు అద్ది గుడ్డ కట్టింది. నన్నెవరూ తిట్టలేదు. అవ్వకు నీళ్లిచ్చి అమ్మ అడిగింది, "నీకెట్ల ఎరుక అవ్వా, గా మేకుల సంగతి?"

అవ్వ చెంబు కింద పెట్టింది. 

"ఈ పిల్లంత ఉన్నప్పటి సంది గీ గడిల పని జేసిన," అంది. "మా అమ్మ జేసింది, నేను జేసిన. పైన ఊడ్సుడు, నీళ్లు మోసుడు. పగటిపూట దొర కింద సాల్ల పండుకునేటోడు. పైన చెక్క కిర్రుమంటే లేస్తడు. లేసిండంటే..."

ఆగింది. మళ్లీ తనే అందుకుంది.

"మేకుల మీద నడిస్తే చప్పుడు గాదు. ఎవ్వలు జెప్పలే. నడుసుకుంట నడుసుకుంట నేనే కనుక్కున్న. ఒక్కపారే తప్పింది కాలు. ఒక్కపారే లేసిండు."

అంతకు మించి చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆమె ఎందుకు గుసగుసగా మాట్లాడిందో అప్పుడు తెలిసింది. ఆ దొర పోయి ఎన్నేళ్లయిందో, అతని మంచం, పరుపు ఎటుపోయాయో. కానీ ఆ గదిలో అడుగు పెట్టగానే అవ్వ గొంతు అతన్ని లేపకుండా మాట్లాడింది. నాకు కింద లోతు మాత్రమే భయం. ఆమె ఆ లోతునూ, అందులో పడుకున్న మనిషినీ దాటి నా దగ్గరికి వచ్చింది.

అన్నం ఎవరికీ సయించదనుకున్నాను. కానీ అవ్వే గిన్నె మూత తీసి, గారెలు చల్లారిపోతున్నాయంది. నాలుగు తింది. తొక్కులో ఉప్పు తక్కువైందని అమ్మను తప్పు కూడా పట్టింది. బయల్దేరేటప్పుడు, ఆ దర్వాజా ఎదురుగా నిలబడి, చేతిలో పట్టుకొచ్చిన చెప్పులు కింద పడేసి కాళ్లకు తొడుక్కుంది. ఊరి నడిమి నుంచి వాటిని టపటపలాడిస్తూ నడిచింది. అంత చప్పుడు చేస్తూ అవ్వ నడవడం నేనదే మొదటిసారి వినడం.

బస్సు కోసం నిలబడినప్పుడు ఫోటో మామ కూతురి పక్కకు వెళ్లి, "నాక్కూడ భయమైంది," అన్నాను. "మెట్ల కాడ గూడ అయింది."  ఆమె తన చేతిలో సగం తిన్న మక్కకంకి నాకిచ్చింది.

ఆ తర్వాత అవ్వ ఎక్కువ కాలం బతకలేదు. ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు ఆమె పక్కనే కూర్చుని బీడీలకు దారం చుట్టేదాన్ని. గడి మాట ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. అడిగి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. తన కోసం భయపడుతూ నేర్చుకున్న దారిని నాకోసం బయటికి తీసిన మనిషికి, ఆ దారిలో తనకేం జరిగిందో చెప్పుకోవడానికి ఒక్కరైనా వినేవాళ్లు ఉండాల్సింది.

తర్వాత నేను అంగన్‌వాడీలో చాలా ఏళ్లు పనిచేశాను. సూదులు వేసే రోజు పిల్లలు ఏడుస్తుంటే తల్లులు "భయపడకు, భయపడకు" అనేవారు. ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. నొప్పి అయితది అని ముందే చెప్పి, చేయి పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

మొన్నీమధ్య కామారెడ్డిలో నా కంటికి ఆపరేషన్ జరిగింది. బల్ల మీద పడుకోబెట్టి ముఖం మీద బట్ట కప్పగానే నా ఊపిరి ఆగినట్టయింది. బయట కొడుకు, కోడలు, మనవరాలు ఉన్నారు. వాళ్లందరి ముందూ నవ్వుతూ లోపలికి వచ్చాను. నా పక్కన నిలబడిన నర్సు మా మనవరాలి వయసు పిల్ల. ఆ పిల్ల వైపు చేయి చాపాను.

"నాకు భయమైతుంది బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల ఏదో చెప్పబోయి ఆగింది. గ్లవుసు తొడుక్కున్న తన చేతిని నా చేతిలో పెట్టి, ఆపరేషన్ అయ్యేదాకా తీయలేదు.